జాబూ అర్జీ: కడప కాగితాల్లో వినిపించే గొంతు

మా హైస్కూల్లో తెలుగు పరీక్షకు లేఖారచన అని అయిదు మార్కుల ప్రశ్న ఒకటి ఉండేది. ఉత్తరాలు రెండు రకాలని మా అయ్యవారు చెప్పినారు. ఒకటి వ్యక్తిగత లేఖ, రెండోది అధికారిక లేఖ. కుడివైపు పైన ఊరు, తేదీ. మొదటి రకానికి ‘ప్రియమైన మిత్రునికి’, రెండో రకానికి ‘గౌరవనీయులైన అధికారి గారికి’. చివర ఒకదానికి ‘ఇట్లు నీ ప్రియమిత్రుడు’, ఇంకోదానికి ‘ఇట్లు తమ విధేయుడు’. మధ్యలో ఏం రాసినా తప్పుల్లేకుంటే చాలు. నాకు అయిదుకు అయిదు వచ్చేవి. ఆ పేరు మీదనే మా వీధిలో ఉత్తరాలు రాసిపెట్టే పని నా మీద పడింది.

అది 1980ల చివర. మాది కుందూ నది పక్క పల్లె. రాయచోటి, రాజంపేట వైపుల నుంచి అప్పటికే చాలామంది కువైట్ పోయినారు. మా ఊర్లోనూ నాలుగైదు ఇండ్లలో మగవాళ్ళు అక్కడే ఉన్నారు. పక్కింటి వదిన నెలకొకసారి నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టేది. ఆమె చెప్పేది, నేను రాసేది. ఒకసారి చెప్పిన మాటలు ఇంకా గుర్తున్నాయి: “ఈ తూరి వాన పడల్యా. శెనక్కాయ ఎండిపాయ. చిన్నోడు నాయన యాడికి పోయినాడని అడుగుతాండాడు. నువ్వు పంపిన దుడ్లు ముట్టినాయి.”

నేను రాసింది ఇదీ: “ఇచట వర్షాభావము వలన వేరుశనగ పంట దెబ్బతినినది. చిరంజీవి మిమ్ములను గూర్చి అడుగుచున్నాడు. మీరు పంపిన పైకము అందినది.”

రాసినాక చదివి వినిపించమంది. వినిపించినాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “బాగుంది గానీ అబ్బీ, ఇది నేను చెప్పినట్టు లేదే. ఆయప్పకు ఇది నేనే అని ఎట్లా తెలుస్తుంది?” అంది.

నేను నవ్వి, ఉత్తరాలు అట్లాగే రాస్తారు వదినా అన్నాను. నెలన్నరకు జవాబు వచ్చింది. అదీ అట్లాగే ఉంది. ఆయన ఉండే గదిలో చదువుకున్నవాడెవడో రాసిపెట్టినాడు. ఇద్దరు మొగుడూ పెళ్ళాలు, ఇద్దరిలో ఎవరూ ఎన్నడూ మాట్లాడని భాషలో క్షేమసమాచారాలు మార్చుకున్నారన్నమాట. అందులో సగం తప్పు నాది. ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏండ్లు పట్టింది. అర్థం కావడానికి కారణం మా కడపలోనే ఉద్యోగం చేసిన ఒక దొర.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చినాడు. వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చువేసినవాడుగా, నిఘంటుకర్తగా ఆయన అందరికీ తెలుసు. 1826లో రెండోసారి కడపకు వచ్చినప్పుడు తోటతో సహా బంగళా కొని, అందులో పండితులను, లేఖకులను జీతాలిచ్చి పెట్టుకొని తాళపత్రాలకు ప్రతులు రాయించిన సంగతీ తెలిసినదే. ఇప్పుడు ఆ స్థలంలోనే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. కానీ ఆయన పుస్తకాల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది. 1852లో మద్రాసులో అచ్చయిన తెలుగు రీడరు. దాని పొడుగాటి పేరులోనే అందులో ఏముందో చెప్పినాడు: ఇంటి ఉత్తరాలు, వ్యవహారపు ఉత్తరాలు, పోలీసు సంగతులు, రెవెన్యూ సంగతులు, వాటికి ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణ వివరణలు, చిన్న పదకోశం.

తెలుగు నేర్చుకోవలసిన తెల్లదొర చేతికి భారతమో వసుచరిత్రో ఇవ్వకుండా జాబులు, అర్జీలు ఇచ్చినాడు బ్రౌన్. కావ్యాలు తక్కువని కాదు. వాటి కోసం ఆయన తన జీతంలోంచి ఎంత ఖర్చు పెట్టినాడో చరిత్రకు తెలుసు. కచేరీలో కూర్చున్న మనిషి ముందుకు పొద్దున లేస్తే వచ్చేది కావ్యం కాదు, అర్జీ. దాన్ని చదవలేనివాడు, వినిపిస్తే అర్థం చేసుకోలేనివాడు గుమాస్తా చెప్పిందే నమ్మాలి.

అర్జీ ఈ సీమలో అంత ముఖ్యం కావడానికి కారణం ఉంది. 1800లో నైజాము ఈ జిల్లాలను కుంపిణీకి వదిలేసినప్పుడు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉన్నాడు. పాలెగాళ్ళను అణిచి, శిస్తును ఒక్కొక్క రైతుతో నేరుగా ముడిపెట్టే పద్ధతికి ఇక్కడ పునాది వేసినాడు. అదే రైతువారీ. జమీందారీ సీమలో రైతు మొర జమీందారు వాకిట్లో చెప్పుకుంటే ఎక్కువ భాగం అక్కడే తేలిపోయేది, లేదా అక్కడే చచ్చిపోయేది. ఇక్కడ మధ్యలో జమీందారు లేడు. రైతుకు పట్టా ఇచ్చేది సర్కారు, శిస్తు కట్టించుకునేది సర్కారు. కాబట్టి వాన కురవకపోతే, చెరువు తెగితే, కరణం లెక్క తప్పుగా రాస్తే, రైతు తన మాటను కాగితం చేసి కచేరీకి చేర్చాల్సిందే. ఏటా జమాబందీ అంటే అర్జీల పండుగ. ఆ తర్వాత 1860లలో కర్నూలు-కడప కాలువ తవ్వకం మొదలైంది, 1882లో సర్కారు దాన్ని కంపెనీ నుంచి కొనుక్కుంది. అప్పటి నుంచి కాలువ చివరి ఊర్ల నుంచి నీళ్ళ అర్జీలు కూడా తోడైనాయి. అవి ఇప్పటికీ ఆగలేదు.

ఆ అర్జీ ఎట్లా ఉండేదో చూద్దాం. పైన ‘శ్రీ’. తర్వాత ‘మహారాజశ్రీ కలెక్టరు దొరగారి సముఖానకు’. ఫలానా తాలూకా, ఫలానా గ్రామ కాపురస్థుడు, ఫలానావాని కొడుకు ఫలానావాడు ‘వ్రాసుకొన్న అర్జీ’. తర్వాత సంగతి. చివర, ఏలినవారు చిత్తగించి న్యాయం దయచేయించవలెనని వేడికోలు, వేలిముద్రో నిశానీయో. మాటల్లో సగం పారసీ, అరబ్బీ నుంచి వచ్చినవి: అర్జీ, హుకుం, తాకీదు, మహజరు, దాఖలా, ఫైసలా, నకలు. కడప, కర్నూలు నవాబుల దఫ్తరాల్లో పారసీ లేఖారచనకు ‘ఇన్షా’ అని పెద్ద శాస్త్రమే ఉండేది. కర్నూలు నవాబు 1839 దాకా ఉన్నాడు. ఆ శాస్త్రం మనకు రాలేదు గానీ దాని మాటలు మన నాలుకల మీదికి వచ్చినాయి. బ్రౌన్ ఈ మాటలను మైలపడినవని తోసెయ్యలేదు. 1852లో జిల్లా నిఘంటువు అని కచేరీ మాటలకొకటి, 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాలకొకటి, ప్రత్యేకంగా నిఘంటువులు వేసినాడు.

అర్జీ ఎవరు రాస్తారు? ఊర్లో కరణం. కానీ చిక్కు ఎక్కడంటే చాలా అర్జీలు కరణం మీదనే. అప్పుడు రైతు పట్నం పోయి, కచేరీ గోడ పక్కన కలమూ కాగితమూ పెట్టుకొని కూర్చున్న రాతగాడిని పట్టుకోవాలి. కరణాల వ్యవస్థ 1984లో పోయింది గానీ ఆ గోడ పక్క రాతగాడు పోలేదు.

ఇక ఇంటి జాబు. దీనికీ మర్యాదల లెక్క ఉంది. వరరుచి పేరున ఉన్న పత్రకౌముదిలో, ఉత్తరం మొదట్లో ఎన్ని ‘శ్రీ’లు పెట్టాలో చెప్పినారు. గురువుకు ఆరు, ప్రభువుకు అయిదు, శత్రువుకు నాలుగు, మిత్రుడికి మూడు, సేవకుడికి రెండు, కొడుక్కీ పెళ్ళానికీ ఒక్కొక్కటి. మిత్రుడి కంటే శత్రువుకు ఒక శ్రీ ఎక్కువ. మర్యాద అనేది ఎంత దగ్గరితనమో కాదు, ఎంత దూరమో చెప్పే కొలబద్ద అని దీన్నిబట్టే తెలుస్తుంది. మన ఇండ్లలో అంత లెక్క లేకున్నా పెద్దవాళ్ళకు ‘మ.రా.రా.శ్రీ’, చిన్నవాళ్ళకు ‘చి.’, పెండ్లయిన ఆడబిడ్డకు ‘చి.ల.సౌ.’ ఉండేవి. మొగుడు పోయినామెకు ‘గంగాభాగీరథీ సమానురాలు’ అని రాసేవాళ్ళు. గౌరవంగా కనిపించే ఆ మాట, ఉత్తరం విప్పిన ప్రతిసారీ ఆమెకు మొదట గుర్తుచేసేది ఆమె వైధవ్యాన్నే. తర్వాత ‘ఉభయకుశలోపరి’. ఇక్కడ అందరం క్షేమం, మీ క్షేమం రాయించవలెను. గమనించండి, ‘రాయవలెను’ కాదు, ‘రాయించవలెను’. చదవను రాయను రానివాళ్ళకు కూడా ఉత్తరం ఉంటుందనే ఎరుక ఆ ఒక్క క్రియలో ఉంది.

మా వైపు జాబుల్లో క్షేమం తర్వాత వచ్చేది వాన. పడిందా, ఎన్ని పదునులు, చెరువుకు నీళ్ళొచ్చినాయా. మా జేజికి చదువు రాదు. ఉత్తరం వస్తే చదివేవాణ్ణి “వాన సంగతి యాడుందో ముందు అది చదువు” అనేది. శుభవార్త కార్డుకు నాలుగు మూలలా పసుపు. చావు కబురు కార్డు చదివినాక చించెయ్యాలి, ఇంట్లో ఉంచకూడదు. అందుకే గోడకు వేలాడే ఇనుపతీగకు గుచ్చిన మా ఇంటి ఉత్తరాల్లో పెండ్లిండ్లున్నాయి, పురుళ్ళున్నాయి, అప్పులున్నాయి, చావులు మాత్రం లేవు. ఉత్తరాలను బట్టి చరిత్ర రాసేవాళ్ళు ఈ ఖాళీని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇంతకూ నేను చెప్పదలచుకున్నది ఈ తేడాల గురించి కాదు. ఆ కాలపు అర్జీనీ జాబునూ పక్కపక్కన పెట్టి చదివితే సంబోధనలు వేరు, ముగింపులు వేరు. మధ్యలో వాక్యం మాత్రం దాదాపు ఒకటే. వచ్చినాడు, పోయినాడు, ఇచ్చినాడు, కొట్టినాడు. కచేరీ మాటలెక్కువైనా వాక్యం నడక నోటి మాటదే. గ్రామ చరిత్రలు రాసి పంపమని కర్నల్ మెకంజీ మనుషులు అడిగినప్పుడు కరణాలు రాసిచ్చిన కైఫియత్తుల్లోనూ ఇదే నడక. అవీ ఒక రకంగా సర్కారు ప్రశ్నకు ఊరు రాసిన జాబులే. అంటే అర్జీని చదివి వినిపిస్తే రైతుకు అది తన మాటేనని తెలిసేది, తప్పుంటే అక్కడే పట్టుకోగలిగేవాడు. దస్తావేజుల చివర ‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని’ అని ఒక వాక్యం ఉంటుంది చూశారా? నా దృష్టిలో మన అధికారిక భాష మొత్తంలో మనిషి మీద గౌరవం ఉన్న వాక్యం అదొక్కటే. విన్నవాడికి అర్థమైతేనే దానికి విలువ.

ఈ పరిస్థితి ఎప్పుడు మారింది? తేదీ ఒకటని చెప్పలేం గానీ దారి తెలుసు. బ్రౌన్ 1855లో ఉద్యోగం వదిలి ఇంగ్లండు పోయినాడు. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వచ్చినాయి. సూరి పాండిత్యాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ బడుల్లో వచనమంటే ఆ నీతిచంద్రిక వచనమే అయింది. జాబుల తెలుగు, కైఫియత్తుల తెలుగు తప్పుల తెలుగైంది. గిడుగు రామమూర్తి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వ్యావహారికం కోసం పోట్లాడినప్పుడు, వచనంలో నోటి భాష కొత్తేమీ కాదని చూపించడానికి వెతికి వెతికి గద్యచింతామణిలో కూర్చింది ఇట్లాంటి పాత వచనాన్నే. సాహిత్యంలో గిడుగు వాదం గెలిచింది. కథలు, పత్రికలు మారినాయి. కానీ లేఖారచన పాఠం మారలేదు. ఇంటి ఉత్తరానికి సగం గ్రాంథికం, సర్కారు ఉత్తరానికి ఇంగ్లీషు దరఖాస్తు అచ్చు మీద పోసిన తెలుగు. నాకు అయిదు మార్కులు తెచ్చింది అదే. మా వదిన గొంతు నొక్కిందీ అదే.

బ్రౌన్ కథలో ఇంకో మలుపుంది. 1846లో ఆయన మద్రాసు ప్రభుత్వానికి తెలుగు అనువాదకుడే కాక పోస్టుమాస్టర్ జనరల్ కూడా అయినాడు. ఉత్తరాలతో తెలుగు నేర్పిన మనిషి చేతికి ఉత్తరాల శాఖే వచ్చింది. ఆయన ఉద్యోగపు చివరి రోజుల్లో, 1854 అక్టోబరులో, దేశమంతటికీ ఒకే తపాలా రేటు వచ్చింది. అంతకుముందు దూరాన్ని బట్టి రుసుము. ఇప్పుడు కడప నుంచి మద్రాసుకైనా కలకత్తాకైనా తేలికపాటి జాబుకు అర్ధణా బిళ్ళ చాలు. 1879 జులైలో పోస్టుకార్డు వచ్చింది, పావు అణాకు. అంటే కానీ. ఒక కానీకి పేదవాడు కూడా జాబు రాయించుకోగలిగినాడు. కాకపోతే మూత లేని కార్డు. పోస్టుమాన్ చదువుతాడు, రచ్చబండ మీద ఇంకొకరు చదువుతారు. చదివి వినిపించుకునే ఊర్లలో గుట్టు అనేది ఎట్లాగూ తక్కువే గనక దాన్నెవరూ పెద్ద లోటుగా చూడలేదు.

బ్రౌన్ తనకు వచ్చిన జాబులను పారెయ్యలేదు. పండితులు, గుమాస్తాలు ఆయనకు తెలుగులో రాసినవి, తాళపత్రాల వేట, ప్రతుల పని, జీతాల లెక్కలు, ఊరి కబుర్లు, అన్నీ సంపుటాలుగా కట్టించి దాచినాడు. అవి మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో పడి ఉంటే 1970లలో బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి, దుమ్ము దులిపి బయటపెట్టినాడు. వాటిలోంచి కడప స్థానిక చరిత్రను ప్రత్యేకంగా ఏరి చూపించినాడు. రాజుల శాసనాల్లో దొరకని కడప అది. ఎవరు ఎవరికి బాకీ, ఎవరికి జబ్బు చేసింది, ఏ పండితుడు ఎవరి మీద అలిగినాడు. అయితే ఆ కట్టల్లో రాసినవాళ్ళంతా చదువుకున్న మగవాళ్ళు. చదువు రాని ఆడవాళ్ళు రాయించిన జాబులను కట్టగట్టి దాచిన బ్రౌన్ ఎవరూ లేరు. రాసిపెట్టినవాళ్ళేమో నాబోటివాళ్ళు.

కువైట్ ఉత్తరాలు తొంభైల దాకా నడిచినాయి. సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవి కొన్ని, తపాలాలో పోయేవి కొన్ని. మధ్యలో క్యాసెట్లు వచ్చినాయి. టేప్ రికార్డరు ముందు కూర్చొని ఇంటిల్లిపాదీ మాట్లాడి, ఆ క్యాసెట్టు పంపేవాళ్ళు. మా వదిన క్యాసెట్టు దొరికినాక నన్ను మళ్ళీ పిలవలేదు. అప్పుడు నాకు కొంచెం చిన్నతనమనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె తన గొంతు తాను వెనక్కి తీసుకున్నది. ఇప్పుడు ఫోన్లో వాయిస్ మెసేజులు. నోటి మాట కాగితం అవసరం లేకుండానే సముద్రం దాటుతుంది. ఇంటి జాబు పోయిందని మనం బాధపడతాం గానీ, నిజానికి పోయింది మధ్యలో రాతగాడు. ఆ విషయంలో నేను పెద్దగా ఏడవను. కాకపోతే ఈ మాటలు మిగలవు. ఫోను మారితే పోతాయి. నూరేండ్ల తర్వాత మా ఊరి కబుర్లు వెతికేవాడికి గోడ మీద ఇనుపతీగ కూడా ఉండదు.

అర్జీ మాత్రం పోలేదు. ఏ జిల్లా కలెక్టరాఫీసుకైనా సోమవారం పొద్దున పోయి చూడండి. ప్రజల నుంచి అర్జీలు తీసుకునే రోజు. బయట జిరాక్సు అంగట్లో కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లవాడు టకటకా కొడతాడు: ‘విషయము’, ‘అయ్యా’, ‘పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేసుకొనునది ఏమనగా’. పోయిన ఏడు ఒక పొలం కాగితం పని మీద నేనూ ఆ వరసలో నిలబడినాను. నా ముందు ఒక ముసలాయన. అచ్చయిన కాగితాన్ని తిరగేసి మరగేసి చూసి, “ఏమి రాసినావో ఒకసారి చదువప్పా” అన్నాడు. పిల్లవాడు విసుగ్గా గబగబా చదివినాడు. ముసలాయన విని, “గట్టు జరిపినారని చెప్తిని గదా, అది యాడుంది?” అన్నాడు. అది ‘సరిహద్దు వివాదము’ లోపల ఉంది. ఎవరు జరిపినారో లేదు. ఎప్పుడు జరిపినారో లేదు. జరిపినారన్న మాటే లేదు. వివాదం అంటే ఇద్దరి తప్పు. గట్టు జరపడం అంటే ఒకడి తప్పు. ఆ తేడా మీదనే ఆయన అరెకరం నిలబడి ఉంది.

నేను ఆ కాగితం వెనకవైపు ఆయన చెప్పింది చెప్పినట్టు రాసిచ్చినాను. అయిదు వాక్యాలు. చదివి వినిపించినాను. “ఆ, ఇదీ” అన్నాడు. దాంతో ఆయనకు న్యాయం జరిగిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ముప్పై ఏండ్ల బాకీలో ఒక కానీ తీరినట్టయింది.

తెలుగులో ఉత్తరానికి ‘కమ్మ’ అని పాత మాట ఒకటుంది, తాటాకు నుంచి వచ్చింది. వాడుకలో నిలిచినవి మాత్రం రెండు. ఒకటి ‘ఉత్తరం’, సంస్కృతంలో సమాధానమని అర్థం. రెండోది ‘జాబు’, జవాబు నుంచి వచ్చింది. అటు నుంచి వచ్చినా ఇటు నుంచి వచ్చినా మనకు లేఖ అంటే బదులే. ఎదుటివాడు ఏదో అడిగినాడు, దానికి మనం పలుకుతున్నాం అని. పలికేది మనమేనని అవతలివాడికి తెలియకపోతే అది బదులెట్లా అవుతుంది? వదిన అడిగింది అదే.

మీ ఇండ్లలో పాత ఉత్తరాల కట్టలుంటే, అచ్చువేయాలనో టైపు చేయాలనో అనిపిస్తే, దయచేసి తప్పులు దిద్దకండి. ‘ముట్టినాయి’ని ‘అందినవి’ చేయకండి. వాన సంగతి ఎక్కడుందో చూసుకోండి. ఆ పక్కనే ఎవరిదో గొంతు ఉంటుంది.